ఏలియన్స్ (1986): గంట దాటేదాకా ఏలియన్ రాని ఏలియన్ సినిమా

నైట్‌షో_నాని:

సీక్వెల్స్ గురించి ఎక్కడ చర్చ నడిచినా గాడ్‌ఫాదర్ 2, టెర్మినేటర్ 2 అని మొదలుపెడతారు, ఏలియన్స్ పేరు ఏ నాలుగో కామెంట్‌లోనో వస్తుంది. నా లిస్టులో మాత్రం అదే పైన. ఎందుకో రాస్తున్నా, కాస్త పొడుగే, స్పాయిలర్లు కూడా ఉన్నాయి, ఓపిక లేనివాళ్ళు నేరుగా కిందికెళ్ళి తిట్టుకోవచ్చు.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన ఏలియన్‌లో ఒక సరుకుల అంతరిక్ష ఓడ, ఏడుగురు మనుషులు, ఒక్క జీవి. చివరికి హీరోయిన్ రిప్లీ (సిగర్నీ వీవర్), ఒక పిల్లి మిగులుతారు. ఏడేళ్ళ తర్వాత రెండో భాగం జేమ్స్ కామెరాన్ చేతికి వచ్చింది. ఆర్నాల్డ్ కోనన్ రెండో భాగంలో బిజీగా ఉండి టెర్మినేటర్ షూటింగ్ వాయిదా పడితే, ఆ ఖాళీలో కామెరాన్ ఒకపక్క రాంబో 2 స్క్రిప్టు, ఇంకోపక్క ఈ కథ రాసుకుంటూ కూర్చున్నాడు. టెర్మినేటర్ ఆడింది కాబట్టి ఇదీ చేతికిచ్చారు.

అందరూ దీన్ని తుపాకుల సినిమా అంటారు. పోస్టర్ మీద కూడా ఈసారి యుద్ధమే అన్నట్టు వేశారు. కానీ టైమ్ చూసుకుంటూ చూడండి. పెద్ద ఏలియన్ మన కళ్ళ ముందు దూకేసరికి గంట దాటిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఇంటర్వెల్ బ్యాంగ్ దాకా విలన్ రాడు. మరి ఆ గంట ఏం చేశాడు? రిప్లీ 57 ఏళ్ళు నిద్రలో ఉండి దొరుకుతుంది. ఏం జరిగిందో చెప్తే కంపెనీ బోర్డు ఎదురుగా కూర్చుని, అదంతా సరే, మా ఓడ ఎందుకు పేల్చావు, దాని ఖరీదు తెలుసా అని అడుగుతుంది. లైసెన్సు పోతుంది. డాక్‌లో సరుకులెత్తే పని చేసుకుంటూ ఉంటుంది. ఆ జీవి దొరికిన గ్రహం మీద ఇప్పుడు మనుషులు కుటుంబాలతో కాపురం పెట్టారని తెలిసినప్పుడు ఆవిడ మొహం చూడాలి. తర్వాత అక్కడి నుంచి కబురు ఆగిపోతుంది.

సైనికులతో కలిసి దిగాక ఇంకా గొప్పగా ఉంటుంది. కాలనీ ఖాళీ. నేల మీద యాసిడ్ కారి ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి పడ్డ బొక్కలు. ఆ తర్వాత కంప్యూటర్‌లో కాలనీవాళ్ళ ఒంట్లో ఉన్న ట్రాన్స్‌మిటర్ల కోసం వెతుకుతారు కదా, అందరి చుక్కలూ ఒకేచోట గుంపుగా కనిపిస్తాయి. ఊరంతా ఒక్కచోట చేరి ఏం చేస్తున్నట్టు? ఒక్క రక్తపు చుక్క చూపించకుండా భయపెట్టడం అంటే అది. నేను చెప్పదలుచుకున్నది ఇదే, ఈ సినిమా గొప్పదనం కాల్పుల్లో లేదు, కాల్పులు ఎంతసేపు ఆపాడన్నదాంట్లో ఉంది.

గోడమీద_బల్లి:

పొడుగ్గా రాశావు, బాగా రాశావు, కానీ ఒప్పుకోను. మొదటి దాంట్లో ఒక్కదాన్ని వదిలించుకోవడానికి ఓడ మొత్తం పేల్చాల్సి వచ్చింది. రెండోదాంట్లో దోమల్ని కొట్టినట్టు కొట్టేశారు. అసలు ఆ జీవి మీద భయమంతా అదేంటో తెలియకపోవడంలో ఉంది. కామెరాన్ వచ్చి దానికి ఒక రాణి, గుడ్లు, కాపలావాళ్ళు అని సంసారం మొత్తం పెట్టేశాడు. చీమలపుట్ట అయిపోయింది. మొదటి ఏలియన్‌ని డిజైన్ చేసిన హెచ్.ఆర్. గైగర్‌ని కూడా ఈ సినిమాకి పిలవలేదు, రాణి బొమ్మ కామెరాన్ తనే గీసుకున్నాడు. మంచి సినిమానే, కానీ మొదటిదాని పక్కన పెట్టకండి.

నైట్‌షో_నాని:

దోమల్ని కొట్టినట్టు ఎక్కడ కొట్టారు బాబాయ్? లెక్క చూడు. ఏలియన్ల గూడులోకి తొమ్మిది మంది సైనికులు దిగారు. అపోన్, హిక్స్, హడ్సన్, వాస్కెజ్, డ్రేక్, డీట్రిచ్, ఫ్రాస్ట్, క్రోవ్, వీర్జ్‌బౌస్కీ. ప్రాణాలతో బండెక్కింది ముగ్గురు. డ్రేక్‌ని ఏలియన్ చంపలేదు కూడా, వాస్కెజ్ కాల్చిన ఏలియన్ రక్తం మీద పడి పోయాడు. అంటే చంపినా చస్తాం అన్నమాట. ఇంతకన్నా భయపెట్టేది ఏముంటుంది?

ఆ సీన్ మొత్తాన్ని ఎలా చూపించాడో కూడా గమనించు. మనం ఎక్కువసేపు ఉండేది బయట బండిలో, లెఫ్టినెంట్ గోర్మన్, రిప్లీల పక్కన. సైనికుల హెల్మెట్ కెమెరాల స్క్రీన్లు చూస్తూ. ఒక్కో స్క్రీన్ చుక్కలు చుక్కలుగా అయిపోతుంది, పక్కన గుండె గీత చదునైపోతుంది, కేకలు వినిపిస్తాయి. ఎవరు పోయారో తెలుసుకునేలోపు ఇంకొకడు పోతాడు. చేతిలో ఉన్న ఏలియన్ సూట్లు తక్కువ కాబట్టి అలా దాచి తీశాడు, ఆ దాచడమే కలిసొచ్చింది.

బక్కోడు:

హడ్సన్ అన్న గురించి ఎవరూ మాట్లాడరేంటి. దిగేముందు అంత బిల్డప్ ఇచ్చి మొదటి దెబ్బకే ఏడుపు మొదలెట్టేవాడు ప్రతి ఆఫీసులో ఒకడుంటాడు. మా టీమ్‌లో అది నేనే 😂

స్రవంతి_కె:

హడ్సన్ ఏడుపే మన ఏడుపండీ. థియేటర్‌లో కూర్చున్న మనం గట్టిగా అనలేనిదంతా అతను అనేస్తూ ఉంటాడు. బిల్ పాక్స్‌టన్ లేకపోతే ఆ రెండో సగం ఊపిరాడేది కాదు. చివరికి నేలలోంచి లాక్కుపోతున్నప్పుడు కూడా తిడుతూ కాలుస్తూనే పోతాడు చూడండి, అక్కడ అతని మీద గౌరవం వచ్చేస్తుంది. 2017లో పాక్స్‌టన్ పోయారని తెలిసినరోజు మొదట గుర్తొచ్చింది ఆ సీనే.

కానీ నాని గారు అసలు విషయం వదిలేశారు. ఇది అమ్మల సినిమా. తర్వాత వచ్చిన పొడుగు వెర్షన్, స్పెషల్ ఎడిషన్‌లో ఒక చిన్న సీన్ ఉంది. రిప్లీ కంపెనీ మనిషి బర్క్‌ని తన కూతురి గురించి అడుగుతుంది. పదకొండో పుట్టినరోజుకి ఇంటికొచ్చేస్తానని మాటిచ్చి వెళ్ళింది. ఈవిడ నిద్రలో ఉండగా ఆ పిల్ల పెరిగి, ముసలిదై, 66 ఏళ్ళకి చనిపోయింది. బర్క్ ఒక ఫొటో చేతిలో పెడతాడు. అందులో ఉన్న పెద్దావిడ ఎవరో కాదు, సిగర్నీ వీవర్ సొంత అమ్మగారే, ఎలిజబెత్ ఇంగ్లిస్, ఆవిడా నటే. తన అమ్మ ఫొటో చూస్తూ కూతురు పోయిందని ఏడవడం, అలా ఎవరికి తట్టిందో గానీ.

ఆ సీన్ లేకుండా, కాలనీలో ప్రాణాలతో మిగిలిన చిన్నపిల్ల న్యూట్ కోసం ఆవిడ అంత తెగించడం సగమే అర్థమవుతుంది. 1986లో థియేటర్ ప్రింట్‌లో అది తీసేయడం ఘోరం.

నైట్‌షో_నాని:

స్రవంతి గారూ ఇక్కడే మీతో గొడవ. ఆ సీన్ తీసేసినా వీవర్ మొహంలో అది ఉంది. న్యూట్ మొహం మీద మట్టి తుడిచే సీన్‌లో చెప్పకుండానే అన్నీ అర్థమవుతాయి, తుడిచి, ఇదిగో శుభ్రంగా ఒక చోటు చేశా, ఇప్పుడు మొహమంతా కడగాల్సి వస్తుంది అన్నట్టు మాట్లాడుతుంది చూడండి, పిల్లల్ని పెంచిన మనిషి మాట అది.

అదీకాక స్పెషల్ ఎడిషన్‌లో కాలనీని ముందే చూపించేస్తారు. న్యూట్ కుటుంబం బండేసుకుని ఏలియన్ గుడ్లున్న ఆ పాత ఓడ దగ్గరికెళ్ళడం, వాళ్ళ నాన్న మొహానికి గుడ్డులోంచి వచ్చే ఫేస్‌హగ్గర్ అతుక్కుని రావడం. అది చూశాక, ఖాళీ కాలనీలోకి సైనికులు దిగుతుంటే మనకి అంతా తెలిసిపోయి ఉంటుంది. థియేటర్ వెర్షన్‌లో రిప్లీకి ఎంత తెలుసో మనకీ అంతే తెలుసు. ఆ గంట మీద నేను పైన రాసిందంతా థియేటర్ వెర్షన్‌కే వర్తిస్తుంది.

ఫిల్మ్‌రీలు:

థియేటర్ 137 నిమిషాలు, స్పెషల్ ఎడిషన్ 154. తొంభైల మొదట్లో లేజర్‌డిస్క్ మీద వచ్చింది. కామెరాన్‌కి ఆ పొడుగుదే ఇష్టం. నా ఓటు మధ్యలో, కూతురి సీను, సెంట్రీ గన్నులు ఉంచేసి కాలనీ సీన్లు కోసేయాలి.

సెంట్రీ గన్నుల సీన్ ఇక్కడ ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనెత్తుతా. సొరంగంలో మనుషులు లేకుండా వాటంతటవే కాల్చే గన్నులు పెడతారు. గన్ను దగ్గర ఏం జరుగుతోందో పెద్దగా చూపించడు. వీళ్ళు ల్యాప్‌టాప్‌లాంటి పెట్టె ముందు కూర్చుని బుల్లెట్ల అంకె తగ్గుతుంటే చూస్తుంటారు. వందల్లోంచి పదుల్లోకి పడిపోతుంది. చివరి గన్నులో పది మిగిలాయనగా అవతలివాళ్ళు ఆగి వెనక్కి వెళ్ళిపోతారు. పది బుల్లెట్లే ఉన్నాయని వాటికి తెలియదు, మనకి తెలుసు. అంకె తగ్గడం చూపించి టెన్షన్ పెట్టాడు మహానుభావుడు.

సౌండ్‌పెట్టె:

నాకు ఈ సినిమా అంటే కదలికని పసిగట్టే ఆ మోషన్ ట్రాకర్ శబ్దం, అంతే. సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు. ఏడు నామినేషన్లలో రెండు గెలిచింది, రెండోది విజువల్ ఎఫెక్ట్స్‌కి.

కరెంటు పోయి ఎర్రలైట్లు వెలిగిన సీన్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ట్రాకర్ పిప్ పిప్ మంటుంటుంది, హడ్సన్ మీటర్లు చదువుతుంటాడు. దూరం తగ్గేకొద్దీ పిప్‌ల మధ్య ఖాళీ తగ్గుతుంది. తలుపులు వెల్డింగ్ చేసేశారు, అవతల వాళ్ళు ఎంత దగ్గరికొచ్చినా తలుపు దగ్గరే ఆగాలి. కానీ అంకె తలుపు దాటి గదిలోకి వచ్చేస్తుంది. గదిలో ఎవరూ లేరు. మెషిన్ పాడైందేమో అనుకుంటారు. రిప్లీ మెల్లగా తల పైకెత్తుతుంది. హిక్స్ కుర్చీలాంటిదేదో ఎక్కి సీలింగ్ పలక ఎత్తి టార్చ్ వేస్తాడు. ఆ తర్వాత ఏముందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇక సంగీతం చేసిన జేమ్స్ హార్నర్. లండన్‌కి వచ్చేసరికి ఎడిటింగే పూర్తవలేదు, టైమ్ లేక నలిగిపోయాడు, కామెరాన్‌తో సంబంధం చెడింది. మళ్ళీ ఇద్దరూ కలిసింది 1997లో టైటానిక్‌కే. అంత హడావుడిలో చేసిన చివరి కౌంట్‌డౌన్ ట్రాక్‌ని తర్వాత హాలీవుడ్ వాళ్ళు ఎన్ని ట్రైలర్లలో వాడేసుకున్నారో. పేరు తెలియకపోయినా ఆ బీజీఎమ్ మీ అందరి చెవిలో పడే ఉంటుంది. ఇంకోటి, ఏలియన్స్‌లో వాడకుండా వదిలేసిన ముక్క ఒకటి డై హార్డ్ క్లైమాక్స్‌లో తేలింది.

గోడమీద_బల్లి:

సంగీతం బాగుంది గానీ మొదట్లో అంతరిక్షం మీద వచ్చే బిట్ ఖచటూరియన్ గయానెలా ఉంటుంది. కుబ్రిక్ 2001లో వాడిందే. హార్నర్‌కి ఈ అలవాటు ఉంది 🙂

సౌండ్‌పెట్టె:

అలవాటు ఉంది, కాదనను. మన సంగీత దర్శకుల్ని పక్కన పెట్టుకుని మాట్లాడదామా? వద్దులే.

హౌన్స్‌లో_హరి:

లండన్ నుంచి ఒక ముక్క. ఆ గూడు సీన్లు సెట్ అనుకుంటున్నారేమో, వెస్ట్ లండన్‌లో యాక్టన్ లేన్ అనే మూతపడ్డ విద్యుత్ కేంద్రం అది. ఆ ఇనుప మెట్లు, జాలీ నేలలు నిజమైనవే. లోపల ఆస్బెస్టాస్ ఉంటే శుభ్రం చేయించి అప్పుడు షూటింగ్ పెట్టారు. తర్వాత 1989 బ్యాట్‌మన్‌లో కెమికల్ ఫ్యాక్టరీ కూడా ఇదే. ఇప్పుడు వెళ్తే చూడ్డానికి ఆ పాత బిల్డింగ్ లేదు.

సైనికులు తిరిగే ఆ బల్లపరుపు బండి కూడా లండన్‌దే. ఎయిర్‌పోర్టులో విమానాలని వెనక్కి నెట్టే టగ్ ఉంటుంది చూడండి, దాన్ని కొని, బరువు కోసం పెట్టిన సీసాన్ని చాలావరకు పీకేసి పైన డొప్ప తొడిగారు.

మిగతాది పైన్‌వుడ్ స్టూడియోలో. అక్కడి యూనిట్‌కి కామెరాన్ మీద నమ్మకం లేదు, టెర్మినేటర్ చూసినవాళ్ళు తక్కువ, ముప్పై దాటీ దాటని కుర్రాడు వచ్చి మనకి చెప్పేదేంటని. మధ్యలో టీ బండి వస్తే షాట్ ఆగిపోయేదట, ఈయనకి పిచ్చెక్కేది. మొదటి అసిస్టెంట్ డైరెక్టర్‌ని తీసేస్తే యూనిట్ పని ఆపేసింది. కెమెరామన్ డిక్ బుష్ కూడా మధ్యలోనే వెళ్ళిపోయాడు, ఆయన బదులు వచ్చిన ఏడ్రియన్ బిడిల్‌కి అదే మొదటి ఫీచర్ సినిమా! నేను ఇక్కడ ఆఫీసులో పదకొండింటి టీ బ్రేక్ చూసినవాణ్ణి కాబట్టి రెండు పక్షాలూ అర్థమవుతాయి.

ఫిల్మ్‌రీలు:

హిక్స్ సంగతి కూడా చెప్పు హరి. ముందు జేమ్స్ రెమార్ చేశాడు, షూటింగ్ మొదలయ్యాక మార్చి మైకేల్ బీన్‌ని పిలిపించారు. గూడులోకి వెళ్ళే సీన్‌లో వెనక నుంచి కనిపించే షాట్ ఒకటి ఇంకా రెమార్‌దే. మొహం కనబడదు కాబట్టి వదిలేశారు.

బడ్జెట్ గురించి ఎవరూ అనట్లేదు. సుమారు 1.8 కోట్ల డాలర్లు, అంతే. ఆ డబ్బుకి ఇది ఎలా తీశారన్నది నాకు సినిమా కన్నా ఇంట్రెస్టింగ్. నిద్రపెట్టెల గదిలో సగం పెట్టెలే ఉన్నాయి, మిగతా సగం అద్దంలో. సైనికుల్ని కిందికి దింపే డ్రాప్‌షిప్, కాలనీ అంతా మినియేచర్లు, స్కోటాక్ అన్నదమ్ముల పని. వాస్కెజ్ మోసే స్మార్ట్‌గన్ అంటే జర్మన్ ఎంజీ 42 మెషిన్‌గన్‌ని, కెమెరా కుదుపు లేకుండా మోసే స్టెడీక్యామ్ చేతికి తగిలించారు, అందుకే వాస్కెజ్ అలా తేలిగ్గా ఊగుతూ నడుస్తుంది.

రాణి దగ్గరికొస్తే, స్టాన్ విన్‌స్టన్ మనుషులు పద్నాలుగు అడుగుల బొమ్మ చేశారు. లోపల ఇద్దరు మనుషులు కూర్చుని చేతులు ఆడిస్తారు, బయట క్రేన్, హైడ్రాలిక్స్, తీగలు లాగేవాళ్ళు. ముందు అది అసలు పనిచేస్తుందా అని నల్ల చెత్త సంచులు చుట్టి కార్లు పెట్టే ఖాళీస్థలంలో ఊపి చూశారు. చెత్త సంచుల బొమ్మే భయంగా ఉందని తేలాక అసలుది కట్టారు. మనిషి లోపల నిలబడి బరువులెత్తే యంత్రం పవర్ లోడర్ కూడా అంతే, వీవర్ వెనక ఒక బలమైన మనిషి దాక్కుని కాళ్ళూ చేతులూ ఆడిస్తుంటాడు. దూరపు షాట్లలో చిన్న సైజు బొమ్మలు. ఏది ఎక్కడ మారిందో ఇన్నేళ్ళకీ కొన్ని షాట్లలో పట్టుకోలేను. ఇప్పటి వందల కోట్ల గ్రాఫిక్స్‌లో మొదటి షాట్‌కే పట్టేస్తాం.

బక్కోడు:

పవర్ లోడర్ ఎంట్రీ షాట్‌కి మాత్రం మన మాస్ ఎలివేషన్లు ఏవీ చాలవు. తలుపు లేస్తుంది, వెనకనుంచి లైటు, ధన్ ధన్ అడుగులు. రెండు చేతులూ చాచి ఒక్క తిట్టు. ఇక్కడ ఫస్ట్ డే ఫస్ట్ షో అయితే కాగితాలు ఎగిరేవి.

నైట్‌షో_నాని:

ఆ ఎలివేషన్ ఎందుకు పండిందంటే మొదట్లోనే దానికి బాకీ పెట్టుకున్నాడు. రిప్లీకి డాక్ ఉద్యోగం. ఓడలో సైనికులు సామాన్లు సర్దుతుంటే, నేనేమైనా చేయనా, లోడర్ నడపడం వచ్చు అంటుంది. అపోన్, హిక్స్ నవ్వుకుంటూ చూస్తుంటే ఎక్కి ఒక పెట్టె ఎత్తి ఎక్కడ పెట్టమంటావు అని అడుగుతుంది. ఉద్యోగం పోయి దిగజారిపోయిందని మనం జాలిపడ్డ పనే చివర్లో ప్రాణం కాపాడుతుంది. అన్నీ అలాగే. గోర్మన్‌ని ఎన్ని డ్రాప్‌లు చేశావని అడిగితే ముప్పై ఎనిమిది, కానీ సిమ్యులేషన్‌లో. నిజమైనవి? రెండు, ఇదీ కలిపి. అక్కడ నవ్వుతాం. గూడులో ఆ నవ్వుకి ఖరీదు కట్టిస్తాడు.

పాతపుస్తకాల_రావు:

ఇంత చర్చలో వియత్నాం మాట రాలేదే. కామెరాన్ తానే చెప్పాడు, మహా ఆయుధాలున్న సైన్యం, ఎదుట ఏమీ లేని శత్రువు చేతిలో ఓడిపోవడం అక్కడినుంచే తీసుకున్నానని. హెల్మెట్ల మీద రాతలు, డ్రాప్‌షిప్ హెలికాప్టర్‌లా దిగడం, అనుభవం లేని లెఫ్టినెంటు, అతన్ని లోలోపల తిట్టుకునే సార్జెంటు, అంతా ఆ యుద్ధం నాటిదే. సార్జెంట్ అపోన్‌గా వేసిన ఆల్ మాథ్యూస్ నిజంగానే వియత్నాంలో పనిచేసిన అమెరికన్ మెరీన్. నిద్రపెట్టెలోంచి లేస్తూనే చుట్ట నోట్లో పెట్టుకుంటాడు చూడండి, అది నటన అనిపించదు.

సైనికులుగా వేసినవాళ్ళకి ముందు బ్రిటిష్ ప్రత్యేక దళం ఎస్‌ఏఎస్ వాళ్ళతో శిక్షణ ఇప్పించారు. వీవర్, బర్క్‌గా వేసిన పాల్ రైజర్, గోర్మన్‌గా వేసిన విలియం హోప్ ఆ శిక్షణకి వెళ్ళలేదు. అందుకే వాళ్ళ ముగ్గురూ ఆ గుంపులో బయటివాళ్ళలా కనిపిస్తారు.

అయితే నాకొక అభ్యంతరం ఉంది. సైన్యం అహంకారాన్ని వెక్కిరిస్తూ మొదలై, చివరికి రిప్లీ చేతికే తుపాకీ ఇచ్చి చప్పట్లు కొట్టిస్తుంది సినిమా. వీవర్‌కి స్వతహాగా తుపాకులంటే పడదు, ఆవిడా ఇబ్బందిపడింది. విమర్శించి, ఆ తర్వాత దాన్నే అమ్ముకోవడం కాదా ఇది?

స్రవంతి_కె:

రావు గారూ, ఆ అభ్యంతరానికి జవాబు రాణి గదిలో ఉందండీ. ఒకసారి గుర్తుచేసుకోండి. డ్రాప్‌షిప్‌లో రైఫిల్‌కి ఫ్లేమ్‌త్రోయర్‌ని టేపు చుట్టి కట్టుకుంటుంది, లిఫ్టులో దిగుతూ గ్రెనేడ్లు సర్దుకుంటుంది. దారి తప్పకుండా ఫ్లేర్లు వేసుకుంటూ వెళ్తుంది. న్యూట్ దొరుకుతుంది. ఎత్తుకుని పరిగెడుతూ ఒక గదిలోకి వచ్చి ఆగుతుంది, చుట్టూ గుడ్లు. ఎదురుగా రాణి ఇంకో గుడ్డు పెడుతూ.

అప్పుడు కాల్చదు. కాపలావి రెండు పక్కల నుంచి ముందుకొస్తాయి. రిప్లీ గాల్లోకి కొంచెం మంట వదిలి, తర్వాత తుపాకీ మొన గుడ్ల వైపు తిప్పుతుంది. రాణి చూస్తుంది. తల చిన్నగా కదుపుతుంది, కాపలావి వెనక్కి తగ్గుతాయి. ఒక్క మాట లేదు. ఇద్దరు తల్లుల మధ్య బేరం కుదిరింది, నీ పిల్లల జోలికి నేను రాను, నా పిల్లని నన్ను తీసుకుపోనివ్వు. రిప్లీ వెనక్కి అడుగులేస్తోంది. పక్కనే ఒక గుడ్డు నోరు తెరుస్తుంది. రిప్లీ తల పక్కకి వంచి రాణి వైపు ఒక చూపు చూస్తుంది, ఓహో, మాట తప్పావా అన్నట్టు. అప్పుడు తగలబెడుతుంది.

చూసిన ప్రతిసారీ నేను ఆ చూపు కోసమే ఎదురుచూస్తా. ఆ తర్వాత ఆవిడ చేసేది అవసరం కాదు, కోపం. అన్నీ కాలిపోయాక కూడా గ్రెనేడ్లు కొడుతూనే ఉంటుంది, టైమ్ లేదని తెలిసి కూడా. హీరోయిజం అని చప్పట్లు కొట్టించేలా లేదు నాకైతే, భయమేసింది. ఇలాంటి సినిమాకి ఉత్తమ నటి నామినేషన్ ఇవ్వడం అప్పట్లో వింతే, కానీ ఆ ఒక్క చూపుకి ఇచ్చేయొచ్చు.

పాతపుస్తకాల_రావు:

ఆ చూపు గురించి మీరు రాసింది చదివాక అభ్యంతరం సగం ఉపసంహరించుకుంటున్నా. మిగతా సగం ఉంచుకుంటా.

గోడమీద_బల్లి:

సరే, రాణి గది ఇచ్చేశా మీకు. కానీ బర్క్ గురించి మాట్లాడండి ఎవరైనా. సినిమాలో అసలు రాక్షసుడు అతనే. అరవడు, బెదిరించడు, నవ్వుతూ కాఫీ తాగుతూ మాట్లాడతాడు. కాలనీవాళ్ళని ఆ ఓడ దగ్గరికి పంపింది తనేనని దొరికిపోయాక కూడా, అది నా అంచనాలో పొరపాటు అన్నట్టు మాట్లాడతాడు. తలుపేసి రిప్లీని, చిన్నపిల్లని ఫేస్‌హగ్గర్లతో పెట్టి కెమెరా ఆఫ్ చేస్తాడు చూడు, ఏలియన్లు కనీసం పర్సంటేజీ కోసం ఒకదాన్నొకటి చంపుకోవు అన్నట్టు రిప్లీ అనే మాట అక్కడ సరిగ్గా దిగుతుంది.

గ్రెయిన్_గోపి:

అందరూ సంతోషంగా ఉన్నట్టున్నారు, నేను పాడుచేస్తా. 2024లో వచ్చిన ఫోర్‌కె డిస్క్ చూశారా? మొహాలు మైనంబొమ్మల్లా చేశారు. ఈ సినిమాకి గ్రెయిన్ ఎక్కువ, అప్పటి ఫిలిం స్టాక్ అంతే, ఆ చీకటి గదులకి ఆ గరుకే అందం. కంప్యూటర్‌తో నున్నగా తోమేసి, పోయిన వివరాలని మళ్ళీ తనే ఊహించి గీసినట్టు ఉంది. హిక్స్ గడ్డం దగ్గర చూడండి ఒకసారి. పాత బ్లూరేనే నయం.

ఫిల్మ్‌రీలు:

కామెరాన్ బాగానే ఉందన్నాడుగా.

గ్రెయిన్_గోపి:

ఆయనకి ఎప్పుడూ కొత్త మెషినే బాగుంటుంది.

చింటూ_సినిమా:

హాయ్ అందరికీ. నేను రెండు భాగాల్లో ఏదీ చూడలేదు, 2024లో ఏలియన్: రోములస్ చూసి ఇటొచ్చా. స్పాయిలర్లు కనపడగానే కళ్ళు మూసుకుని కిందికి వచ్చేశా. మొదటిది చూడకుండా ఏలియన్స్ చూడొచ్చా? ఏ వెర్షన్?

నైట్‌షో_నాని:

మొదటిది చూసి రా తమ్ముడూ. తర్వాత థియేటర్ వెర్షన్. లైట్లు ఆపి, ఫోన్ పక్కగదిలో పెట్టి.

స్రవంతి_కె:

స్పెషల్ ఎడిషన్.

ఫిల్మ్‌రీలు:

మొదటిసారి థియేటర్, రెండోసారి స్పెషల్. ఏప్రిల్ 26న చూస్తే ఇంకా మంచిది, ఆ గ్రహం పేరు ఎల్‌వీ 426 కాబట్టి అభిమానులు ఆ రోజుని ఏలియన్ డేగా చేసుకుంటారు.

చింటూ_సినిమా:

ఏప్రిల్ దాకా ఆగే ఓపిక లేదు అన్నా. శుక్రవారం మొదటిది, శనివారం రెండోది చూసేశా, థియేటర్ వెర్షన్.

ముందు నిజం చెప్తా, మొదటి ముప్పావుగంట ఫోన్ పక్కగదిలో ఎందుకు పెట్టించారా అని తిట్టుకున్నా. ఖాళీ కాలనీలో దిగినప్పటి నుంచి కదల్లేదు. చుక్కలన్నీ ఒకేచోట కనిపించే సీన్‌లో ఎందుకో నాకు చలేసింది. సీలింగ్ సీన్‌కి మా చెల్లి అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. ఆండ్రాయిడ్ బిషప్ మంచివాడని తేలేసరికి చాలా రిలీఫ్, మొదటి దాంట్లో ఆండ్రాయిడ్ చేసిన పని చూశాక ఇతన్ని చివరిదాకా నమ్మలేదు. అతన్ని రాణి రెండు ముక్కలు చేస్తే బాధపడతానని అస్సలు అనుకోలేదు.

బర్క్ మాత్రం చాలా తేలిగ్గా పోయాడనిపించింది, ఇంకాస్త గట్టిగా చూపించాల్సింది.

న్యూట్‌గా చేసిన పాప ఎవరు? తర్వాత ఏ సినిమాలు చేసింది?

ఫిల్మ్‌రీలు:

కారీ హెన్. అంతకుముందు నటించలేదు, తర్వాతా నటించలేదు. టీచర్ అయింది. స్పెషల్ ఎడిషన్‌లో న్యూట్ అన్నగా కనిపించేవాడు ఆమె సొంత అన్న క్రిస్టఫర్.

చింటూ_సినిమా:

భలే ఉంది. సరే, హిక్స్, న్యూట్, రిప్లీ ముగ్గురూ పడుకున్నారు కదా, తర్వాత ఏమైంది? ఇవాళ రాత్రి మూడో భాగం పెడుతున్నా.

నైట్‌షో_నాని:

వద్దు.

స్రవంతి_కె:

వద్దు చింటూ. కనీసం ఒక నెల ఆగు.

బక్కోడు:

మొదటి ఐదు నిమిషాలు చూడకు. అసలు చూడకు.

గోడమీద_బల్లి:

ఎందుకు భయపెడతారు కుర్రాణ్ణి. ఫించర్ మొదటి సినిమా అది, 1992. మీకు నచ్చిన ఇద్దర్ని టైటిల్స్ పడేలోపే తీసేశాడని కోపం, అంతేగా. హారర్ సినిమా అంటే అదే మరి. దాని పొడుగు వెర్షన్, అసెంబ్లీ కట్ చూడు చింటూ, చూసి రా, కొత్త థ్రెడ్ నేను తెరుస్తా.

నైట్‌షో_నాని:

తెరువు, అక్కడ మేమంతా ఉంటాం. కర్రలు పట్టుకుని.